28 లీటర్ల ఓటీజీ ఓవెన్‌లో ఓట్స్ పట్టీలు: ఏడు నెలల వాడకం తర్వాత

నిరుడు దసరా సెలవుల్లో అనంతపురంలో టవర్‌క్లాక్ దగ్గరున్న ఒక గృహోపకరణాల దుకాణంలో 28 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ ఒకటిగా ఉండేది) ఓవెన్ కొన్నాను. ధర ఎనిమిది వేల లోపే అయింది. కేకులు చేయాలన్న కోరికతో కొన్నది కాదు. పిల్లలిద్దరూ బడి నుంచి రాగానే బిస్కెట్ ప్యాకెట్ కోసం వెతుక్కునే అలవాటును మాన్పించాలని ఉండేది. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంది, ఓట్స్ తినమని డాక్టరు చెప్పినా ఆ జావను ముట్టని మా అమ్మకు అవే ఓట్స్‌ను ఇంకో రూపంలో పెట్టాలనీ ఉండేది. అప్పటి నుంచి దాదాపు ప్రతి ఆదివారం ఓట్స్, అరటిపండు, ఖర్జూరం, వేరుశనగ గింజలతో పట్టీలు బేక్ చేస్తున్నాను. ఇప్పటికి పాతిక వాయిలు దాటాయి కాబట్టి, ఈ ఓవెన్ గురించి నమ్మకంగా నాలుగు మాటలు రాయగలనని అనుకుంటున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. నా చేతికి వచ్చిన ఒక్క ఓవెన్‌ను బట్టి ఆ కంపెనీ సరుకంతా ఇంతేనని చెప్పడం న్యాయం కాదు. పైగా ఈ ధరలో దొరికే ఓవెన్ల అమరిక చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది: పైన రెండు, కింద రెండు కడ్డీలు, వేడిని సరిచేసుకునే ఒక మీట, అరవై నిమిషాల టైమరు, లోపల చిన్న ఫ్యాను. నాది 1600 వాట్లది. దీనికి వంటింట్లో మిక్సీకి వాడే చిన్న ప్లగ్గు పనికిరాదు, ఫ్రిజ్‌కో గీజరుకో ఉండే 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగు ఉండాలి. దుకాణంలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంటికి తెచ్చాక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి కొత్త పాయింటు పెట్టించవలసి వచ్చింది.

మొదటి వాయి పూర్తిగా పాడైంది. చేసే విధానం చదివి మీటను 160 డిగ్రీల మీద పెట్టి అరగంట ఉంచితే, పట్టీల అడుగు నల్లగా మాడి నడుమ పచ్చిగానే మిగిలింది. పైన కనబడుతున్న ఎండుద్రాక్షలు బొగ్గు ముక్కల్లా ఉబ్బి చేదెక్కాయి. రెండో వారమూ అదే జరిగింది. తప్పు పిండి కలపడంలో ఉందేమోనని నీళ్లు తగ్గించాను, అరటిపండు తగ్గించాను, ఫలితం మారలేదు. చివరికి ఓవెన్ లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ తెప్పించి చూస్తే, మీట 160 చూపిస్తుండగా లోపల 185 ఉంది. అప్పటి నుంచి మీటను 140 దగ్గరే ఉంచుతున్నాను, లోపల 165కు అటూ ఇటూగా నిలుస్తోంది. వేడెక్కినట్టు సూచించే ఎర్రదీపం ఆరు నిమిషాలకే ఆరిపోతుంది గానీ దాన్ని నమ్మవద్దు. గాలి వేడెక్కినంత త్వరగా గోడలు వేడెక్కవు. కనీసం పన్నెండు నిమిషాలు ఖాళీగా కాగనివ్వాలి. వేసవి సాయంత్రాల్లో మా వీధిలో వోల్టేజి పడిపోయినప్పుడు పదిహేను నిమిషాలు కూడా పడుతోంది.

ఈ తేడా గురించి సర్వీసుకు ఫోను చేస్తే పదకొండు రోజుల తర్వాత ఒక అబ్బాయి వచ్చాడు. థర్మామీటర్ చూసి, "ఈ రేటుకు వచ్చేవన్నీ ఇట్లనే ఉంటాయన్నా, రెండు గీతలు తగ్గించి పెట్టుకోండి" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ అబ్బాయి చెప్పిన ఉపాయం పనిచేసింది, కాదనను. అయితే మీట మీద అచ్చువేసిన అంకెకూ లోపలి వేడికీ పాతిక డిగ్రీల తేడా ఉన్న వస్తువును అలాగే అమ్మడం నాకు సమ్మతం కాదు. కొత్తగా బేకింగ్ నేర్చుకునేవారు తమ చేతిలోనే లోపం ఉందనుకొని మానేస్తారు. నేనూ రెండు వారాలు అలాగే అనుకున్నాను.

వేడి లెక్క కుదిరాక ఈ ఓవెన్ మీద నా అభిప్రాయం మారింది. నేను వాడే కొలత ఇది. 200 గ్రాముల రోల్డ్ ఓట్స్ (అటుకుల్లా నొక్కినవి), బాగా మాగిన రెండు అరటిపండ్లు, 150 గ్రాముల గింజ తీసిన ఖర్జూరం, వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన 75 గ్రాముల వేరుశనగ గింజలు, గుప్పెడు ఎండుద్రాక్ష, రెండు చెంచాల నువ్వులు, రెండు చెంచాల బెల్లంపొడి, మూడు చెంచాల నెయ్యి, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి. ఎనిమిది అంగుళాల చదరపు అల్యూమినియం ట్రేలో బటర్ పేపరు పరిచి, ఈ ముద్దను గిన్నె అడుగుతో గట్టిగా అదిమి, నడుమ అరలో 28 నిమిషాలు ఉంచుతాను. పదిహేనో నిమిషంలో ట్రేను ఒకసారి తిప్పి పెట్టాలి, ఎందుకంటే వెనుక ఎడమ మూల ఎప్పుడూ ముందుగా ఎర్రబడుతుంది. ట్రే బయటికి తీసినప్పుడు పట్టీ మెత్తగానే ఉంటుంది, అది చూసి కంగారుపడి మళ్లీ లోపలికి నెట్టకూడదు. పూర్తిగా చల్లారాక, అంటే గంటన్నర ఆగి, కోస్తే పదహారు ముక్కలు అంచులు చెదరకుండా వస్తాయి. ఈ మొత్తానికి కరెంటు ఒక యూనిట్ మించదు.

ఓట్స్ ఎంపికలో పొరపడవద్దు. త్వరగా ఉడికే సన్నరకం ఓట్స్ వేస్తే పట్టీ ఉప్మా ముద్దలా తయారవుతుంది, నొక్కకుండా ముక్కలుగా నరికిన స్టీల్ కట్ ఓట్స్ వేస్తే పంటికింద రాయిలా తగులుతాయి. వేరుశనగ గింజల విషయంలో మన జిల్లావాళ్లకు ఒకరు చెప్పే అవసరం లేదు. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన కె-6 రకం గింజలు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి, వాటినే వాడుతున్నాను. ముడుచుకుపోయినవి, బూజుపట్టినవి మాత్రం ఒక్కటి కూడా మిగలకుండా ఏరేయాలి. బూజు వదిలే అఫ్లటాక్సిన్ విషం ఓవెన్ వేడికి పోదు.

ఖర్జూరం గురించి ఒక అనుభవం చెప్పాలి. మన జిల్లాలో ఖర్జూరపు తోటలు పెరిగాక పసుపు రంగు పచ్చి ఖర్జూరం కూడా ఇక్కడ దొరుకుతోంది. నిరుడు కొని ఫ్రీజర్‌లో దాచినవి తీసి, మన పంట మన పట్టీలోకి వస్తుందన్న సంబరంతో ఒక వాయి చేశాను. అది తాజాగా ఉన్నప్పుడు జామకాయలా కరకరలాడే పండు, ఎంత నూరినా జిగురు రాలేదు. పట్టీ కోయగానే పొడిపొడిగా రాలిపోయింది. ఆ పొడిని పెరుగులో కలుపుకొని తిన్నాము, రుచిగానే ఉంది. పట్టీలకు మాత్రం మెత్తగా పండి ఆరిన నల్ల ఖర్జూరమే కావాలి. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి నూరితే పాకం అవసరం లేకుండా అదే అన్నిటినీ పట్టి ఉంచుతుంది.

అమ్మ మొదటి ముక్క నోట్లో వేసుకొని, "నువ్వుల ఉండలు కొరకలేను గానీ, ఇవి మెత్తగా ఉండాయి నాయనా" అన్నది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం టీతో ఒక ముక్క ఆమెకు అలవాటైంది. అయితే దీన్ని మందుగా భావించకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు అందితే కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడుతుంది. నా పట్టీ ఒక్కొక్క దానిలో పన్నెండున్నర గ్రాముల ఓట్స్ ఉంటే, ఆ పీచు అర గ్రాము దగ్గరే ఆగుతుంది. లెక్క పూర్తి చేయాలని ఆరు ముక్కలు తింటే, ఒక్కో ముక్కతో పది గ్రాముల చక్కెర కూడా లోపలికి పోతుంది. పండ్లలోది అయినా చక్కెర చక్కెరే. అందుకే షుగరు ఉన్న మా నాన్నకు సగం ముక్కకు మించి ఇవ్వడం లేదు. పిల్లల బిస్కెట్ ప్యాకెట్లు మాత్రం నెలకు రెండుకు తగ్గాయి, నేను పెట్టిన డబ్బుకు అదొక్కటే చాలు.

చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. తలుపు పిడి స్క్రూ నాలుగో నెలలో వదులైంది, ఇంట్లోనే బిగించుకున్నాను. కింది ట్రే అంచు పదునుగా ఉండడం వల్ల కడిగేటప్పుడు మా ఆవిడ వేలు గీసుకుంది. ఒకేసారి రెండు ట్రేలు పెట్టుకోవచ్చని డబ్బా మీద రాశారు గానీ, అలా పెడితే పైది మాడుతుంది, కిందిది ఉడకదు. ఆరుగురికి మించిన కుటుంబమైతే దీనికన్నా పెద్దది తీసుకోవడం మేలు.

ఎండలు ముదిరాక ఇంకొక సంగతి తెలిసింది. ఏప్రిల్ చివరి వారంలో చేసిన పట్టీల డబ్బాను మూడో రోజు ఉదయం తెరిస్తే పులిసిన వాసన వచ్చింది, అరటిపండు తడి ఈ వేడికి ఆగలేదు. మే మొదటి ఆదివారం అరటిపండు పూర్తిగా మానేసి, ఖర్జూరాన్ని 220 గ్రాములకు పెంచి, వేరుశనగ గింజల్లో సగం మెత్తగా నూరి కలిపాను. ఆ వాయి ఓవెన్‌లో మూడు నిమిషాలు తక్కువ తీసుకుంది, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్ బయటే అయిదు రోజులు నిలిచింది.