కూల్‌డ్రింకు సీసా ఊపిరితిత్తులు: రెండేళ్లు వాడాక

ఊపిరి లోపలికి ఎలా వెళ్తుందో పిల్లలకు చూపించడానికి ఇంత చవకైన సాధనం ఇంకోటి లేదు. సీసాలో గొట్టానికి వేలాడే బుడగే ఊపిరితిత్తి, సీసా అడుగున తొడిగిన రబ్బరును కిందికి లాగితే అది ఉబ్బాలి. కానీ చాలా ఇళ్లలో చేశాక బుడగ కదలదు. తప్పు ఎక్కువగా సీసాదే. నీళ్ల సీసా పలచన. కింద రబ్బరు లాగగానే దాని పక్కలు లోపలికి నొక్కుకుపోతాయి. లోపల చోటు పెరగదు కాబట్టి గాలి ఒత్తిడి తగ్గదు, బుడగ ఉబ్బదు. గ్యాస్ ఉండే కూల్‌డ్రింకుల లీటరు సీసా అయితే గట్టిగా నిలబడుతుంది. అడుగు కోసేసి, అంచు చుట్టూ కరెంటు టేపు వేయాలి, లేదంటే ఆ అంచే రబ్బరును కోసేస్తుంది.

మూతకు కాల్చిన మేకుతో చిల్లు పెట్టి (ఇది పెద్దల పని) రీఫిల్ తీసిన పెన్ను గొట్టం దూర్చాలి. దాని లోపలి కొసకు బుడగను దారంతో కట్టాలి. స్ట్రా వద్దు, దారం బిగిస్తే నొక్కుకుపోతుంది. చాలా పెన్నులకు పక్కన సన్నటి చిల్లు ఉంటుంది. దాన్ని టేపుతో మూయకపోతే చేసిందంతా వృథా. మూత దగ్గర గ్లూ గన్ జిగురు కొన్నాళ్లకు ఊడొస్తుంది, ఎం-సీల్ పెట్టి రాత్రంతా వదిలేసినవే నిలిచాయి. లోపలి బుడగను ముందే నాలుగైదుసార్లు ఊది మెత్తబరచాలి. అడుగుకు ఇంకో బుడగ: మెడకు ముడి వేసి, దానికి ఎదురు వైపు కోసి తొడిగితే ఆ ముడే లాగే పిడి.

పరీక్ష సులువు. ముడి లాగి పది సెకన్లు పట్టుకోండి. బుడగ మెల్లగా ముడుచుకుంటే ఎక్కడో కారుతోంది. మూత చుట్టూ సబ్బు నీళ్లు రాసి, ముడిని లోపలికి నొక్కితే నురగ లేచిన చోటే చిల్లు.

అడుగు రబ్బరు నెల, నెలన్నరకు మించి రాదు, ఎండ తగిలే కిటికీలో పెడితే ఇంకా త్వరగా పగుళ్లు. రెండు బుడగలు పెడితే అందంగా ఉంటుంది గానీ పలచనిది ముందు ఉబ్బి, రెండోది వేలాడుతుంది. చిన్న పిల్లలకు ఒక్కటే చాలు. చినిగిన ముక్కలు మాత్రం వెంటనే తీసేయాలి, గొంతులో అడ్డుపడతాయి.

ఈ నమూనాలో అసలు లోపం వేరే. అడుగు రబ్బరు ఉదరవితానానికి (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర) బదులు. కానీ అసలు ఉదరవితానం ఇలా కిందికి వేలాడదు. గొడుగులా పైకి ఉబ్బి ఉండి, ఊపిరి పీల్చినప్పుడు చదునవుతుంది. అందుకే మూత వదులు చేసి, ముడిని లోపలికి నొక్కి ఉంచి, అప్పుడు మూత బిగించండి. తర్వాత రబ్బరును చదునయ్యేంత వరకే లాగితే బుడగ ఉబ్బుతుంది.