ఆరో తరగతికి ఇంటి నుంచి హైస్కూలా, గురుకులమా?

సంక్రాంతి వెళ్లిందంటే నాలుగు, ఐదు తరగతుల పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. గురుకులం పరీక్ష రాయించాలా, నవోదయకు పంపాలా, లేక పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్చేసి ఊరుకోవాలా? హైస్కూల్లో లెక్కలు చెప్పే నన్ను కూడా చాలామంది అడుగుతుంటారు. అడిగే తీరులోనే సగం తేల్చుకుని వచ్చారని తెలిసిపోతుంది. "సీటు వస్తే పంపకుండా ఎలా ఉంటాం సార్?" అంటారు. సీటు రావడం వేరు, ఆ పిల్లకు అది సరిపడటం వేరు. నా మటుకు నాకు, తల్లిదండ్రులు ఇంటిపట్టున ఉండి, హైస్కూలు మూడు కిలోమీటర్ల లోపు ఉంటే, ఆ వయసులో ఇంటి నుంచి వెళ్లి రావడమే మేలు. ఆ రెంటిలో ఏది లేకపోయినా నా మాట మారుతుంది.

ముందు ఒక సంగతి. మనం ఆరో తరగతి అనుకుంటాం గానీ, రెండు రాష్ట్రాల్లోనూ చాలా గురుకులాల తలుపు ఐదో తరగతికే తెరుచుకుంటుంది. అంటే పరీక్ష రాసేది నాలుగో తరగతి పిల్లలు, తొమ్మిదేళ్ల వాళ్లు. నవోదయ, కస్తూర్బా విద్యాలయాలు ఆరుతో మొదలవుతాయి. మోడల్ స్కూలు కూడా ఆరుతోనే మొదలవుతుంది గానీ అక్కడ చిన్న తరగతులకు హాస్టల్ ఉండదు, కాబట్టి దాన్ని ఇంటి నుంచి వెళ్లే బడిగానే లెక్కవేయాలి.

ఇంటి నుంచి వెళ్లినా మార్పు చిన్నదేమీ కాదు. ప్రాథమిక పాఠశాలలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకరో ఇద్దరో టీచర్లు. పిల్లవాడు అన్నం తినకపోయినా, వాళ్లమ్మ ఊళ్లో లేకపోయినా ఆ టీచరుకు తెలుస్తుంది. హైస్కూల్లో గంట కొట్టిన ప్రతిసారీ మనిషి మారిపోతాడు. తెలుగుకు ఒకరు, ఇంగ్లిషుకు ఒకరు, లెక్కలకు ఇంకొకరు. జూన్‌లో ఆరో తరగతి గది ముందు నిలబడి చూడండి. టైంటేబుల్ చూసి పుస్తకాలు సర్దుకోవడం రాక అన్నీ మోసుకొస్తారు, సంచి బరువుకు ముందుకు వంగిపోతారు. నాలుగు ఊళ్ల పిల్లలు ఒక గదిలో చేరినా మొదటి నెలంతా ఏ ఊరి వాళ్లు ఆ ఊరి బెంచీల్లోనే. మూత్రానికి వెళ్లాలంటే గంటల మధ్యలో ఎవరిని అడగాలో తెలియక బిగబట్టుకుని కూర్చునే పిల్లలు ఉంటారు. ఆడపిల్లలైతే మరీ.

చదువులో మొదటి దెబ్బ హిందీతో తగులుతుంది. మన సర్కారు బడుల్లో హిందీ ఆరులోనే మొదలవుతుంది. చక్కగా చదువుకుంటూ వచ్చిన పిల్ల మళ్లీ అక్షరాలు దిద్దాలి. తొలి ఫార్మేటివ్ పరీక్షలో మార్కులు తగ్గుతాయి. "ఐదు దాకా ఫస్టు వచ్చేది, హైస్కూలుకొచ్చి చెడిపోయింది" అనేస్తారు ఇంట్లో. చెడిపోలేదు, ఒక్కసారిగా అరడజను మంది టీచర్ల తీరుకు అలవాటు పడుతోంది. ఆ పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్వడానికో తిట్టుకోవడానికో అమ్మ ఉంటుంది, పక్కింటి ఎనిమిదో తరగతి అక్క ఉంటుంది. నేను ఇంటి వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే. బడి మార్పు ఒక్కటీ అయితే పిల్ల తట్టుకుంటుంది. బడి, ఇల్లు, తిండి, పడక అన్నీ ఒకే వారంలో మారితే చాలామంది తడబడతారు.

అలాగని గురుకులాన్ని తక్కువ చేసే పని లేదు. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన ఆ పద్ధతి, పుస్తకం కొనలేని ఇళ్ల నుంచి ఎంతోమందిని పెద్ద ఉద్యోగాల దాకా తీసుకెళ్లింది. సాయంత్రం స్టడీ అవర్, పక్కనే ఉండే టీచరు, ఆటల మైదానం, ఇవన్నీ పక్క ఊరి హైస్కూలు ఇవ్వలేదు. అమ్మానాన్నలు దసరా వెళ్లగానే ఇటుక బట్టీలకో, భవన నిర్మాణ పనులకో వలస పోయే ఇంట్లో అయితే నేను మరో మాట చెప్పను, గురుకులమే. పాలమూరులోనో అనంతపురంలోనో పిల్లను ముసలి నానమ్మ దగ్గర వదిలి వెళ్తే ఆ బడి ఎన్నాళ్లు సాగుతుందో అందరికీ తెలుసు. బడి మానేసిన ఆడపిల్లకూ, ఐదుతో చదువు ఆగిపోయేలా ఉన్న ఆడపిల్లకూ కస్తూర్బాను మించింది లేదు. 2004లో ఆ పథకం పెట్టిందే వాళ్ల కోసం. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పల్లె వెలుగులో ఆడపిల్లలకు టికెట్టు లేదు, నిజమే. కానీ సాయంత్రం బడి వదిలే వేళకు బస్సే లేకపోతే ఆ ఉచితం ఎందుకు?

గురుకులానికి పంపేవాళ్లు మొదటి వారం ఏడుపు చూసి భయపడతారు. అసలు పరీక్ష దసరా సెలవులకు. జూన్‌లో ఏడ్చిన పిల్లలు జూలైకి స్నేహాల్లో పడతారు. సెలవులకు ఇంటికొచ్చి, పండగ తిని, అమ్మ పక్కన పడుకున్నాక మళ్లీ ట్రంకు పెట్టె సర్దే రోజున కడుపునొప్పి మొదలవుతుంది. మధ్యలో మానేసేవాళ్లలో చాలామంది ఆ తర్వాత ఇక వెళ్లని వాళ్లే. ఫుడ్ పాయిజన్ వార్తలు పేపర్లో వచ్చినప్పుడు ఇళ్లలో కలిగే గుబులు కూడా ఊరికే పుట్టింది కాదు. చేర్పించేముందు ఒక ఆదివారం ఆ హాస్టల్‌కు వెళ్లి వంటగది, మరుగుదొడ్లు చూసి, అక్కడి పిల్లల చేతివేళ్ల సందుల్లో గజ్జి ఉందేమో గమనించి రండి. ప్రిన్సిపాల్ మాటలకన్నా అవే ఎక్కువ చెబుతాయి.

పంపాలని తేల్చుకుంటే మాత్రం వేసవి రెండు నెలలూ పిల్లకు పని నేర్పండి. బట్టలు ఉతుక్కోవడం, జడలు తానే వేసుకోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఒంట్లో బాగాలేకపోతే పెద్దవాళ్లకు నోరు తెరిచి చెప్పడం. కంచం, గ్లాసు మీద స్టీలు సామాన్ల కొట్లో పేరు చెక్కించండి, బకెట్టు మీద పెయింటుతో రాయండి. నవ్వకండి, వస్తువులు పోయాయన్న దిగులుతో ఇంటికి పోతానని మొండికేసే పిల్లలు ఉంటారు. హైస్కూలుకు పంపేవాళ్లు మే నెలలో హిందీ అక్షరాలు నేర్పించి, ఒకసారి బడి చూపించి, అదే దారిలో వెళ్లే పెద్ద పిల్లకు అప్పగిస్తే చాలావరకు గట్టెక్కినట్టే. ఐదో తరగతి రికార్డు షీటు, కుల ధ్రువీకరణ పత్రం మే లోపే తీసిపెట్టుకోండి.

సొంత ఊళ్లోనే ఏడు దాకా ఉన్న ప్రాథమికోన్నత పాఠశాల సంగతి ఏమిటని కొందరు అడుగుతారు. సబ్జెక్టు టీచర్లు అందరూ ఉంటే సరే. లేకపోతే మార్పును రెండేళ్లు వాయిదా వేయడమే అవుతుంది. సైన్సు రెండుగా విడిపోయే ఎనిమిదో తరగతిలో కొత్త బడి, కొత్త మనుషులు ఇంకా కష్టం. దారి మరీ చెడ్డదైతే తప్ప నేను సలహా ఇవ్వను. పట్నం ప్రైవేటు బడి వ్యానులో రోజుకు రెండు గంటలు కూర్చోబెట్టడం గురించైతే మాట్లాడటమే దండగ.

ఇప్పుడు సీటు వదులుకుంటే జీవితంలో మళ్లీ రాదనే భయం ఒకటి ఉంటుంది. అది సగమే నిజం. గురుకులంలో ఐదో తరగతి సీటు మళ్లీ రాదు, ఆపైన మిగిలిన ఖాళీలే. కానీ నవోదయలో తొమ్మిదికీ పదకొండుకీ ఖాళీలుంటే చేర్చుకుంటారు. పదో తరగతి తర్వాత గురుకుల జూనియర్ కాలేజీల ప్రవేశ పరీక్షలు ఎలాగూ ఉన్నాయి. పదిహేనేళ్లప్పుడు హాస్టల్‌కు వెళ్లే పిల్ల వేరు, తొమ్మిదేళ్లప్పుడు వెళ్లే పిల్ల వేరు.

వెళ్లిన పిల్ల దసరా తర్వాత నిజంగానే ఉండలేకపోతే పరువు కోసం పట్టుబట్టకండి. విద్యా హక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు మరో సర్కారు బడికి మారే హక్కు ఉంది. టీసీ ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోకుండా ఉండకూడదు. నవంబరులో వచ్చినా ఊరి బడిలో అదే తరగతిలో కూర్చోవచ్చు, ఏడాది పోదు.