పొదుపు సంఘం మూడు తాళాల పెట్టె: పెట్టె బాగుంది, తాళాలే బాగాలేవు

పొదుపు సంఘాల కోసమని అమ్మే మూడు తాళాల ఇనప్పెట్టె గురించి రాయాలని ఎప్పట్నుంచో ఉంది. చాలామంది రేకు మందం, పైన వేసిన రంగు చూసి కొనేస్తున్నారు, చూడాల్సినవి వేరే ఉన్నాయి. మా సంఘంలో ఆడవాళ్లం వారం వారం కూర్చుంటాం, ఎవరికి వీలైనంత వాళ్లు దాచుకుంటాం, అవసరం వచ్చినవాళ్లకి అందులోంచే అప్పు ఇచ్చుకుంటాం. డబ్బు, పాసుపుస్తకాలు, ముద్ర వేసే స్టాంపు, ఇంకు ప్యాడు, క్యాలిక్యులేటరు అన్నీ ఈ పెట్టెలోనే. పెట్టె వరకు నాకు పూర్తిగా నచ్చింది. దాంతో ఇచ్చిన తాళాలు మాత్రం పారేయాల్సినవే.

తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. గ్రామ పొదుపు, అప్పు సంఘం అనే ఈ పద్ధతిని 1991లో నైజర్ దేశంలో కేర్ అనే అంతర్జాతీయ సేవా సంస్థ అక్కడి పల్లె ఆడవాళ్లతో మొదలుపెట్టింది, తర్వాత ఆఫ్రికాలో చాలా దేశాలకు, ఆపైన బయటికీ పాకింది. మామూలుగా 15 నుంచి 25 మంది ఉంటారు. వాటా విలువ ఎంతో మొదట్లోనే అందరూ కలిసి ఖాయం చేసుకుంటారు, ఒక్కో మీటింగులో ఒక్కొక్కరు 1 నుంచి 5 వాటాల దాకా కొనుక్కోవచ్చు, ఎన్ని వాటాలు కొంటే పాసుపుస్తకంలో అన్ని ముద్రలు పడతాయి. చదువు రానివాళ్లు కూడా తమ ముద్రలు తామే లెక్కపెట్టుకుని నాకింత ఉంది అని ధైర్యంగా చెప్పగలరు, ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. దాచుకున్నదానికి మూడు రెట్ల వరకు అప్పు తీసుకోవచ్చు. ఏడాది అటూ ఇటూ అయ్యాక అసలు, వడ్డీ కలిపి వాటాల ప్రకారం పంచుకుని మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు.

ఇప్పుడు పెట్టె సంగతి. మూడు తాళాలు, మూడు చెవులు, ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురూ కమిటీలో ఉండకూడదు, పెట్టె పెట్టుకునే ఆవిడ దగ్గర చెవి ఉండకూడదు. కాబట్టి మీటింగు బయట ఆ పెట్టె ఏ ఒక్కరూ తెరవలేరు. మా దగ్గర పెట్టె తెరిచే ముందు అధ్యక్షురాలు "పోయినసారి ఎంత దగ్గర ఆపాం?" అని అడుగుతుంది, అందరూ ఒకేసారి అంకె చెప్పాలి. రాసుకుని వచ్చేవాళ్లు ఎవరూ లేరు, అందరికీ నోటికే ఉంటుంది. తర్వాత ముగ్గురూ వచ్చి తాళాలు తీస్తారు, లెక్కపెట్టే ఇద్దరు నోట్లు గిన్నెలో వేస్తూ పైకి వినపడేలా లెక్కిస్తారు, అందరూ చెప్పిన అంకెకి సరిపోతేనే ముందుకి. మీటింగుల్లో ఎప్పుడూ నోరు విప్పని ఒక పెద్దమ్మ మా సంఘంలో ఉంది, ఒకసారి లెక్కలో తేడా వస్తే "ఆగండమ్మా, రెండు నోట్లు అతుక్కుని ఉంటాయి, మళ్లీ చూడండి" అని గట్టిగా అంది, నిజంగానే అతుక్కుని ఉన్నాయి. డబ్బు అందరి కళ్ల ముందు గిన్నెలో పడుతుంటే ఎవరికైనా అడిగే చొరవ వస్తుంది. పుస్తకంలో ఒకరే రాసి ఒకరే చదివే సంఘాల్లో ఈ చొరవ నేను చూడలేదు.

ఇక లోపాలు. మా పెట్టెతో వచ్చిన మూడు తాళంకప్పల్లో రెండు ఒకే చెవితో తెరుచుకున్నాయి. మూడు తాళాల పెట్టె అని అమ్మి, రెండు తాళాల పెట్టె చేతిలో పెట్టినట్టే కదా! అమ్మినాయన్ని అడిగితే "అన్నీ ఒకే కంపెనీవమ్మా, అలాగే ఉంటాయి" అన్నాడు, మార్చి ఇవ్వనూ లేదు. చవక తాళాల్లో ఇది మామూలే, కొన్ని రకాల చెవులే తిప్పి తిప్పి వాడతారు. అందుకని కొనేటప్పుడే ప్రతి చెవినీ మిగతా రెండు తాళాల్లో పెట్టి తిప్పి చూడండి, మొహమాటపడకండి. మేమైతే ఆ తాళాలు పక్కన పడేసి వేర్వేరు కంపెనీలవి మూడు విడిగా కొన్నాం, ఆ తర్వాత ఏ గొడవా లేదు. ఒక్కో తాళానికి రెండు మూడు చెవులు వస్తాయి కదా, ఆ అదనపు చెవుల సంగతి మొదటి మీటింగులోనే అందరి ముందు తేల్చండి. వంచి పారేస్తారో, ఇంకెక్కడైనా భద్రం చేస్తారో మీ ఇష్టం, కానీ ఆ మాట తీర్మానాల పుస్తకంలో రాసి ఉండాలి.

తాళం ఎంత గట్టిదైనా అది వేలాడే గొళ్ళెం సరిగ్గా లేకపోతే ఏం లాభం. కొన్ని పెట్టెలకి గొళ్ళేలు బయటినుంచి స్క్రూలతో బిగించి ఉంటాయి, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే తాళం ముట్టుకోకుండానే మూత లేపేయొచ్చు. వెల్డింగ్ చేసినవి గానీ, రివిట్లు కొట్టినవి గానీ చూసి తీసుకోండి. వెనక మూత బందులు కూడా అలాగే చూడాలి, వాటి వైపు ఎవరూ చూడరు. మాది వెల్డింగే, ఆ విషయంలో తృప్తిగా ఉంది.

సైజు గురించి అక్కాచెల్లెళ్లు తెగ అడుగుతుంటారు. డబ్బుకి పెద్ద చోటు అక్కర్లేదు, పాసుపుస్తకాలకే కావాలి. అందరి పుస్తకాలూ మడత పడకుండా పడుకోబెట్టగలిగేంత వెడల్పు ఉంటే చాలు. మూత అంచులు కోసుకునేలా ఉంటే ఆకురాయితో అరగదీయించండి. పిడి ఒకటే ఉన్నదానికంటే రెండు వైపులా ఉన్నది మేలు, చిల్లర చేరాక బరువు తెలుస్తుంది. లోపల రెండు గుడ్డ సంచులు వేర్వేరు రంగుల్లో కుట్టించుకోండి, ఒకటి పొదుపు డబ్బుకి, ఒకటి ఆపద నిధికి. పెట్టెతో పాటు కిట్‌లో ఇచ్చే ప్లాస్టిక్ సంచులు తొందరగా చిరిగిపోతాయి. ఇంకు ప్యాడు కూడా నాసిరకమే, ముద్ర వేయగానే పక్క పేజీకి అంటుకుని ఒక వాటా రెండుగా కనిపిస్తుంది. ముద్ర వేశాక పుస్తకం మూయకుండా కాసేపు ఆరనిస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ పెట్టె సంఘం లోపలివాళ్ల నుంచి డబ్బుని కాపాడుతుంది, బయట దొంగ నుంచి కాదు. పెట్టెతో సహా ఎత్తుకుపోతే మూడు తాళాలున్నా ఒకటే, ముప్పై ఉన్నా ఒకటే. అందుకే డబ్బు అప్పుల రూపంలో తిరుగుతూ ఉండాలి, పెట్టెలో తక్కువ మిగలాలి. పంపకాల ముందు నెలల్లో అప్పులన్నీ తిరిగొచ్చి పెట్టె నిండుతుంది, ఆ రోజుల్లో పెట్టె పెట్టుకున్న ఇంటావిడకి నిద్ర ఉండదు పాపం. అప్పటికి ఉమ్మడి సంతకాలతో బ్యాంకు ఖాతా ఒకటి తెరిచి, మిగులంతా అందులో వేసేయండి. రసీదు పెట్టెలో పెట్టి, ఆ అంకె కూడా మీటింగులో అందరి చేతా పైకి చెప్పించండి.