వైఫై పేరు దాచాలా, కనిపించనివ్వాలా?

కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో ఫోను తెరిస్తే చుట్టుపక్కల ఇళ్ల వైఫై పేర్లన్నీ బారులు తీరి కనిపిస్తాయి. అందులో మన పేరు ఉండకూడదనుకోవడం సహజమే. కానీ కనెక్షన్ నిలకడ కావాలంటే దాచకపోవడమే మేలు.

పేరు కనిపించేలా ఉంచితే రౌటర్ సాధారణంగా సెకనుకు దాదాపు 10 సార్లు తన ఉనికిని చాటుతుంది. ఫోను అది విని కలుస్తుంది. దాచినా ఆ సంకేతాలు ఆగవు, వాటిలో పేరుండే చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఫోనే ‘ఫలానా నెట్‌వర్క్ ఉందా?’ అని పిలుస్తూ వెతకాలి. వైఫై వాడే 5 గిగాహెర్ట్జ్ తరంగాల్లో, రాడార్లు కూడా వాడే ఛానెళ్లపై ముందు వినకుండా పిలవకూడదు కనుక ఆలస్యం ఇంకా పెరుగుతుంది. కొన్ని ప్రింటర్లు, స్మార్ట్ బల్బులైతే కలవడానికే మొరాయిస్తాయి.

మరి భద్రత? ఇంట్లో ఏ ఫోను కలిసినా ఆ క్షణంలో పేరు గాలిలో బయటపడుతుంది. పైగా దాచిన పేరును గుర్తుపెట్టుకున్న ఫోను అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లోనూ దాన్నే పిలుస్తూ ఉండవచ్చు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది.

పేరు కనిపించనివ్వండి, అందులో ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు మాత్రం వద్దు. వైఫై భద్రతా పద్ధతుల్లో, రౌటర్‌లో ఉంటే డబ్ల్యూపీఏ3, లేకుంటే డబ్ల్యూపీఏ2 ఎంచుకొని పొడవాటి పాస్‌వర్డ్ పెట్టండి.