బోరులో సెన్సార్ లేని పర్మనెంట్ మాగ్నెట్ మోటారు: ఏళ్ల వాడకం తర్వాత

అనంతపురం చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటల్లో సోలార్ కంట్రోలర్‌తో నడిచే 5 హెచ్‌పీ పర్మనెంట్ మాగ్నెట్ (రోటరులో, అంటే తిరిగే భాగంలో, శాశ్వత అయస్కాంతాలున్న) సబ్‌మెర్సిబుల్ గురించి ఇది. వందల అడుగుల లోతుకు రోటరు స్థానం చెప్పే హాల్ సెన్సార్ల వైర్లు దించడం కుదిరే పని కాదు. కరెంటు, వోల్టేజీలను బట్టే రోటరు ఎక్కడుందో కంట్రోలర్ లెక్క కట్టుకోవాలి. వేగం అందుకున్నాక ఈ పద్ధతికి వంక పెట్టలేం. అదే హెచ్‌పీ ఇండక్షన్ మోటారు కంటే తక్కువ ఎండకే నీళ్లు పైకొస్తాయి. చిక్కంతా స్టార్టింగులోనే.

రోటరు తిరిగితేనే బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మాగ్నెట్లు వైండింగులో పుట్టించే వోల్టేజీ) పుడుతుంది; కంట్రోలర్ రోటరు జాడ వెతికేది దాంట్లోనే. 380 వోల్టుల మోటారులో 5 శాతం వేగం దగ్గర ఫేజుకు అది 11 వోల్టులే. 250 మీటర్ల 4 స్క్వేర్ ఎంఎం రాగి కేబులుకు దాదాపు 1.15 ఓములు, అంటే 8 ఆంపియర్లకు 9 వోల్టులు దారిలోనే పోతాయి. 8 కిలోహెర్ట్జ్ స్విచింగులో 2 మైక్రోసెకన్ల డెడ్ టైమ్ (కంట్రోలర్‌లోని పై, కింది స్విచ్‌లు రెండూ ఆఫ్‌లో ఉండే విరామం) ఉంటే, 540 వోల్టుల డీసీ మీద మరో 8.6 వోల్టుల తేడా. వెతికే సంకేతానికి దీటుగా పొరపాటే ఉంటే రోటరు జాడ ఎలా దొరుకుతుంది? అందుకే ఆటోట్యూన్ (మోటారు, కేబులు విలువలను కంట్రోలర్ తానే కొలుచుకోవడం) మోటారు దించాక, పూర్తి కేబులుతోనే చేయాలి. షాపులో చేసి తెచ్చిన విలువలు పనికిరావు.

మెకానిక్కులు ఎక్కువగా తప్పేది ఫ్రీక్వెన్సీలో. నాలుగు పోల్స్ మోటారుకు 3000 ఆర్‌పీఎం అంటే 100 హెర్ట్జ్. అలవాటుగా 50 కొడితే లెక్కంతా తారుమారు.

మొదట ఓపెన్ లూప్‌లో (రోటరు ఎక్కడుందో చూడకుండా), రేటెడ్ కరెంటులో 50–60 శాతంతో రోటరును లాగి, 15–20 శాతం వేగం దాటాక రోటరు స్థానపు అంచనాకు అప్పగించే సెట్టింగు మాకు బాగా కుదిరింది. ఇసుక పట్టిన పంపుకు కరెంటు కొంచెం పెంచాలి. అలాగని తక్కువ వేగంలో ఎక్కువసేపు ఉంచకండి, థ్రస్ట్ బేరింగు (పంపు కిందికి నొక్కే బరువును మోసే బేరింగు) మీద నీటి పొర నిలవక అరిగిపోతుంది. ఒకటి రెండు సెకన్లలో సగం వేగం దాటించాలి.

పొద్దున్నే ఇంకో తంటా. ఎండ పలచగా ఉన్నా ప్యానెళ్ల ఓపెన్ వోల్టేజీ నిండుగానే కనిపిస్తుంది. దాన్ని నమ్మి కంట్రోలర్ స్టార్ట్ చేస్తుంది, లోడు పడగానే వోల్టేజీ కూలి ట్రిప్ అవుతుంది. మళ్లీ ప్రయత్నానికి కనీసం 5 నిమిషాల గడువు పెట్టండి. ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) కారుతుంటే పైపులోని నీళ్లు దిగుతూ పంపును వెనక్కి తిప్పుతాయి; తిరిగే రోటరు మీద స్టార్ట్ చేస్తే పట్టు దొరకదు. అప్పుడు కంట్రోలర్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెట్ల వల్ల వైర్లలో కరెంటు పుడుతుంది. చేయి పెట్టొద్దు.

హై ఫ్రీక్వెన్సీ ఇంజెక్షన్ (ఆగి ఉన్న రోటరు స్థానం కనుక్కోవడానికి మోటారులోకి చిన్న హై ఫ్రీక్వెన్సీ సంకేతం పంపే పద్ధతి) ఉందని ఎక్కువ ధర అడిగితే బోరుకు ఇవ్వక్కర్లేదు. అది మాగ్నెట్లు రోటరు లోపల ఉన్న, ఎల్‌డీ, ఎల్‌క్యూ (రోటరు రెండు దిశల్లో వైండింగు ఇండక్టెన్సులు) బాగా తేడా ఉన్న మోటార్లలోనే నికరంగా పనిచేస్తుంది. పైగా పొడవైన కేబులుకు పెట్టే సైన్ ఫిల్టరు (కంట్రోలర్ వోల్టేజీ తరంగాన్ని నునుపు చేసేది) ఆ సంకేతాన్ని మింగేస్తుంది. పంపుకు మొదట్లో లోడు తక్కువ కాబట్టి ఓపెన్ లూప్ చాలు. సున్నా వేగం నుంచే బరువు లాగే ఎలక్ట్రిక్ ట్రాలీకైతే హాల్ సెన్సార్లున్న మోటారే కొనండి.