ఆరుగురి టెంటు, ఒక్కరి చేతులు: టెంటుకి నాలుగు స్టార్లు, మేకులకి సున్నా

నేల కొలత 305×305 సెంటీమీటర్లు, మధ్యలో ఆరడుగుల పైచిలుకు ఎత్తు, రెండు పొడవాటి ఫైబర్ రాడ్లు ఒకదాన్నొకటి దాటుతూ నిలబెట్టే డోమ్ టెంటు. ఆన్‌లైన్‌లో ఇది ఐదారు పేర్లతో కనిపిస్తుంది. సంచి మీద పేరు మారినా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే, అందుకే ఈ రివ్యూ ఏ ఒక్క కంపెనీ గురించో కాదు, ఈ రకం గురించి. తేల్చాల్సింది కూడా ఒకటే: మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నేల మీద, అవతలి కొస పట్టుకునే మనిషి లేకుండా, దీన్ని ఒక్కరే వేయగలరా?

వేయొచ్చు. మొదటిసారి ముప్పావుగంట, చేయి తిరిగాక అరగంట. కాకపోతే సంచిలో వచ్చిన మేకులతో కాదు.

ముందు ఆ 'ఆరుగురు' అన్న మాట సంగతి. 305ని ఆరుతో భాగిస్తే మనిషికి 51 సెంటీమీటర్లు వస్తుంది. బంతిలో భోజనానికి కూర్చునే జాగా అది, పడుకునే జాగా కాదు. సామాన్లతో కలిపి నలుగురికి హాయిగా సరిపోతుందని లెక్కేసుకుని కొనండి. ఇంతకన్నా పెద్దది, గదుల్లాంటిది కావాలంటే సొరంగంలా పొడుగ్గా ఉండే టన్నెల్ టెంట్లున్నాయి. అవి మేకులు బిగిస్తేనే నిలబడతాయి, మేకు పట్టని ఇసుకలో ఒక్కరే వేయాలంటే నరకం. రాడ్లు ముందే బిగించి వచ్చే 'ఇన్‌స్టంట్' క్యాబిన్ టెంటు గొడుగులా తెరుచుకుంటుంది, కాదనం. కానీ బరువు ఎక్కువ, పైనున్న ప్లాస్టిక్ జాయింటు విరిగితే ఇక్కడ బాగుచేసే దిక్కు లేదు. ఒంటి మనిషికి డోమే మేలు: మేకుల్లేకుండానే నిలబడుతుంది, చోటు నచ్చకపోతే ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు.

కొనేటప్పుడు ఫొటోలో పై కప్పు చూడండి. చౌక రకాలకి ఈ వాన కప్పు (రెయిన్ ఫ్లై) నెత్తిన టోపీలా సగం వరకే ఉంటుంది. మన తీరంలో అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. అది నిలువుగా పడదు, సముద్రం మీంచి ఏటవాలుగా కొడుతుంది. టోపీ కప్పున్న టెంటులో అప్పుడు పక్కలు తడుస్తాయి. నేలకి జానెడు పైదాకా దిగే పూర్తి కప్పే తీసుకోండి. గుడ్డ మీద 2000 ఎంఎం అని రాసుంటే, రెండు మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడికి కూడా అది కారదని అర్థం. కప్పుకి అది చాలు. నేల గుడ్డకి 3000 ఉంటే మంచిది, మోకాలు ఆనినచోట ఒత్తిడి పెరిగి కింది తడి పైకొస్తుంది కాబట్టి. కప్పు పాలిస్టర్‌దైతే తడిసినా పెద్దగా సాగదు. నైలాన్ సాగి వేలాడుతుంది. లోపలి టెంటు పైభాగం దోమతెర వలతో ఉండాలి, లేకపోతే మన ఉక్కకి లోపల ఆవిరిపట్టుడే.

ఇక మేకులు. సంచిలో వచ్చేవి జానెడు పొడవున్న సన్నటి ఇనప తీగలు, కొస వంచి ఉంటాయి. మైపాడు, కొత్తపట్నం ఇసుకలో రెండు వేళ్లతో పీకితే ఊడొస్తాయి. ఉదయగిరి వైపు రాతినేలలో సుత్తి దెబ్బకి విల్లులా వంగుతాయి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి మరో తీరు: ఎండితే నెర్రెలిస్తుంది, నెర్రెలో దిగిన మేకు దేన్నీ పట్టుకోదు. తడిస్తే జారి వచ్చేస్తుంది. ఈ మూడు నేలల్లో దేనికీ అవి పనికిరావు.

గట్టినేలకైతే ఇనుము కొట్లో 10 ఎంఎం కమ్మీ అడుగున్నర ముక్కలు పన్నెండు కోయించండి. వెల్డింగ్ షాపులో ఒక కొస మొన తేల్పించి, రెండో కొస కొక్కెంలా వంపించుకోండి. కేజీన్నర సుత్తి ఉండాలి. మరీ రాయైతే ముందు గడ్డపారతో బెజ్జం చేసి అందులో దించాలి. మేకు తల టెంటుకి ఎడంగా వాలి ఉండాలి, తాడు దానికి ఇంచుమించు లంబంగా లాగాలి. తలని టెంటు వైపు వంచి కొడితే గాలి లాగిన ప్రతిసారీ తాడు జారి పైకొస్తుంది.

ఇసుకలో అసలు మేకు మాటే వద్దు. ఖాళీ సిమెంటు గోతాలు ఎనిమిది తీసుకెళ్లండి. ఒక్కోదాన్ని సగం దాకా ఇసుకతో నింపి, మూతి కట్టి, నడుముకి తాడు బిగించి, మోకాటి లోతు గోతిలో అడ్డంగా పాతిపెట్టి తొక్కాలి. పైన రెండు చెంబులు నీళ్లు పోస్తే ఇసుక బిగుస్తుంది. గోతాం లేకపోతే మూరెడు సరుగుడు కట్టె నడుముకి తాడు కట్టి పాతినా అంతే పట్టు. తీసేటప్పుడు తాడు పట్టుకుని లాగితే రాదు, తవ్వాల్సిందే. అంటే పని సరిగ్గా కుదిరిందన్నమాట.

చోటు: ఒడ్డున అలలు వదిలిన చెత్త గీత కనిపిస్తుంది కదా, దానికి బాగా పైన. పౌర్ణమికి, అమావాస్యకి పోటు ఇంకా పైకొస్తుంది. పగలు సముద్రపు గాలి తూర్పు నుంచి, రాత్రి నేలగాలి పడమర నుంచి. తలుపు ఉత్తరానికో దక్షిణానికో పెడితే రెండు పూటలా ఇసుక లోపలికి రాదు. మధ్యాహ్నం గాలి ముదిరే వేళ ఒక్కరే టెంటు విప్పడం తెలివైన పని కాదు. పొద్దున తొమ్మిదిలోపో, పొద్దు వాలాకో వేయండి. జనవరి నుంచి మార్చి దాకా ఒడ్డుకి తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి, రాత్రిపూట సముద్రం వైపు లైట్లు వేయొద్దు. నల్లమల వైపు వెళ్లేవాళ్లకి: అది పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా టెంటు సంచి కూడా విప్పకూడదు.

వేసే పద్ధతి. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఏరేసి పది అడుగుల టార్పాలిన్ పరవండి. అంచులు బెత్తెడు చొప్పున కిందికి మడవాలి. టెంటు బయటికి పట్టా కనిపిస్తే కప్పు మీంచి కారిన వాననీళ్లన్నీ దాని మీద పడి టెంటు కిందికి చేరతాయి. దాని మీద లోపలి టెంటు పరిచి, గాలి వచ్చే వైపు రెండు మూలలు మాత్రం కట్టేయండి. మిగతా రెండూ వదులుగా ఉంచాలి.

రాడ్డు ముక్కలు కలిపేటప్పుడు ప్రతి జాయింటూ పూర్తిగా దిగిందో లేదో వేలితో తడిమి చూడండి. అర అంగుళం బయట మిగిలినా, వంచగానే సరిగ్గా అక్కడే చీలుతుంది. ఫైబర్ పేడు చేతిలో గుచ్చుకుంటే తీయడం కష్టం, గ్లౌజులు వేసుకోండి. తర్వాత రాడ్డుని టెంటుకి కుట్టిన గొట్టం లాంటి గుడ్డలోకి ఎక్కించాలి. లంగాకి బొందు ఎక్కించినట్టు అవతలి కొస పట్టి లాగారో, లోపలి రబ్బరు తాడు సాగి ముక్కలు ఆ గొట్టంలోనే విడిపోతాయి. నెట్టాలి, ఇవతలి నుంచి గుడ్డని వెనక్కి జరుపుకుంటూ నెట్టాలి. రెండు రాడ్లూ ఇలా ఎక్కించాక కట్టిన మూలల్లో ఉండే పిన్నులకి వాటి కొసల్ని తొడగండి.

ఒంటి మనిషిని ఏడిపించే ఘట్టం ఇదే. ఇటు నుంచి రాడ్డు వంచుతుంటే అటు పిన్ను టప్పున ఊడిపోతుంది. అటు పోయి పెట్టొస్తే ఇటుది ఊడుతుంది. పిన్ను పొడవు రెండంగుళాలకి మించదు, రాడ్డు కాస్త వదులైనా జారిపోతుంది. విరుగుడు పాత సైకిల్ ట్యూబు. రెండు వేళ్ల వెడల్పు ముక్కలు కోసి, పిన్ను దిగాక రాడ్డుకీ మూల పట్టీకీ కలిపి మూడు చుట్లు చుట్టి ముడేయండి. ఇక కదలదు. తర్వాత ఇటు మూలకొచ్చి, ఒక చేత్తో రాడ్డు నడుము పైకెత్తుతూ రెండో చేత్తో కొసని లోపలికి నెట్టి పిన్ను మీద కూర్చోబెట్టాలి. రెండు రాడ్లు దాటే చోట గుడ్డ ముడుచుకుని బిగుసుకుంటుంది, అక్కడ సర్దకుండా బలం ప్రయోగిస్తే రాడ్డే పోతుంది.

కప్పు వేయడానికి ఇద్దరు కావాలంటారు. అక్కర్లేదు. గాలి వచ్చే వైపు రెండు మూలలు ముందు బిగించి, మిగతా రెండు మూలల తాళ్లకి సగం నీళ్లున్న బాటిళ్లు కట్టి టెంటు మీంచి అవతలికి విసిరి, అటు వెళ్లి లాగండి. కప్పు లోపలి వైపు చిన్న వెల్క్రో పట్టీలుంటాయి. వాటిని రాడ్లకి చుట్టకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. చుట్టకపోతే బయటి తాళ్లు లాగేది గుడ్డని మాత్రమే, రాడ్లని కాదు. కప్పుకీ లోపలి గుడ్డకీ మధ్య నాలుగు వేళ్ల సందుండాలి. రెండూ అంటుకున్న చోటల్లా తెల్లారేసరికి మంచు కారుతుంది.

విప్పేటప్పుడు రాడ్లని నడిమి జాయింటు నుంచి మొదలుపెట్టి మడవండి, రబ్బరు తాడు మీద లాగుడు రెండు వైపులా సమానంగా పడుతుంది. రాడ్డు చీలితే ఆ చోటికి సరిపడా ఇనప గొట్టం ముక్క తొడిగి ఇన్సులేషన్ టేపు చుడితే ఆ ట్రిప్పు గడిచిపోతుంది. తీరం నుంచి వచ్చాక జిప్పులు మంచినీళ్లతో కడిగి, ఆరాక పళ్ల మీద కొవ్వొత్తి రుద్దండి, ఉప్పుగాలికి ముందు పోయేది అవే. తడిగా మడిచి అటక మీద పెట్టిన టెంటుకి లోపలి పూత జిగురు తేలి వాసనొస్తుంది. ఆ జిగురు ఉతికినా పోదు, అప్పుడు కొత్త కప్పు కొనుక్కోవడమే.