70 శాతం గీత దగ్గర సన్ ఫిల్మ్: ఆరేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఒకే కారుకు ఆరేళ్లలో రెండు రకాల సన్ ఫిల్ములు వేయించాను. మొదటిది చవకైన రంగు ఫిల్మ్; రెండేళ్లు నిండకముందే నిబంధనలకు విరుద్ధమని తేలడంతో దాన్ని ఊడదీయవలసి వచ్చింది. రెండవది దాదాపు పారదర్శకంగా ఉండే సిరామిక్ ఫిల్మ్. నాలుగేళ్లుగా కారు మీదే ఉంది. ఫిల్మ్ ఎంత బాగుందన్న ప్రశ్నను, అది చట్టానికి లోబడి ఉందా అన్న ప్రశ్నను వేరువేరుగా చూడడం వల్లనే మొదట పొరబడ్డాను కనుక, ఈ సమీక్షలో రెండింటినీ కలిపే రాస్తున్నాను.

మొదటిసారి ఫిల్మ్ కొన్నప్పుడు పెట్టె మీద ‘50’ అని ఉంది. నా కారు నమోదైన చోట ముందు పక్క అద్దాల గుండా కనీసం 70 శాతం కాంతి లోపలికి రావాలి, వెనుక అద్దాలకు పరిమితి లేదు. ఆ సంగతి నాకు తెలియదు. సగం కాంతి వస్తున్నప్పుడు అభ్యంతరం ఏముంటుందని బిగించినవారు చెప్పిన మాటను నమ్మి, నాలుగు తలుపుల అద్దాలకూ వెనుక పెద్ద అద్దానికీ అదే వేయించాను. తర్వాత రెండు తనిఖీల్లో నా కారును పైపైన చూసి పంపించివేశారు. ఎవరూ ఆపలేదు కనుక అంతా సవ్యంగానే ఉందని అనుకున్నాను. మూడవ తనిఖీలో ఒక అధికారి, అద్దం గుండా ఎంత కాంతి వస్తోందో కొలిచే మీటరును బయటికి తీశారు.

ఆ అధికారి పని చేసిన తీరును వివరంగా చెప్పాలి, ఎందుకంటే తనిఖీ ఎలా జరగాలో నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. ముందుగా అద్దాన్ని సగం దించమని, ఒక గుడ్డతో లోపలి వైపు, బయటి వైపు దుమ్ము తుడిచారు. తన దగ్గరున్న చిన్న నమూనా గాజుముక్కను మీటరులో పెట్టి, అది సరైన అంకె చూపిస్తోందని నాకు చూపించారు. ఆ తర్వాతనే మీటరు గాడిని అద్దం అంచు మీదుగా దించి, మూడు చోట్ల కొలిచారు. మూడుసార్లూ తెర మీద 39 అని వచ్చింది. పెట్టె మీద 50 అని ఉందని నేను అన్నప్పుడు ఆయన, “అది ఒక్క ఫిల్ము అంకెండీ, మేం కొలిచేది అద్దంతో కలిపి” అన్నారు.

చట్టమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. కర్మాగారం నుంచి వచ్చిన అద్దం కూడా కొంత కాంతిని ఆపుతుంది; నా కారు పక్క అద్దాలు ఫిల్మ్ లేకుండా 79 శాతం కాంతిని మాత్రమే వదులుతాయి. దాని మీద 50 శాతం ఫిల్మ్ అతికిస్తే 79లో సగం, అంటే 39.5 శాతమే మిగులుతుంది. రెండు అంకెలను గుణించాలే తప్ప ఫిల్మ్ అంకెను ఒక్కదాన్నే చూసుకోకూడదు. ఆ లెక్కన 88 శాతం ఫిల్మ్ కూడా నా అద్దం మీద 70కి చేరదు. అద్దం సొంత అంకె తెలియకుండా ఏ ఫిల్మూ కొనకూడదని నేను గట్టిగా చెబుతాను. మీటరు ఉన్న బిగింపుదారుడు ఒక్క నిమిషంలో దాన్ని కొలిచి చెప్పగలడు. మీటరు లేనివారి దగ్గర ముందు అద్దాల పని అప్పగించవద్దు.

జరిమానా కట్టి, గడువులోగా ఫిల్మ్ తీసి చూపించవలసి వచ్చింది. ఆ ఫిల్మును నేనే ఊడదీశాను. అప్పటికే దాని రంగు ఊదాగా మారుతోంది: చవక ఫిల్ముల్లో రంగు ఉండేది పొరలోనూ జిగురులోనూ కాబట్టి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఆ రంగు విచ్ఛిన్నమై ఊదా రంగు మిగులుతుంది, జిగురు పట్టు వదిలి బుడగలు లేస్తాయి. మూలను గోటితో లేపి లాగితే పైపొర ఒక్కటే కాగితంలా చిరిగి వచ్చింది, జిగురంతా అద్దాన్నే అంటిపెట్టుకుంది. పక్క అద్దాలకు ఆవిరి పట్టి, ప్లాస్టిక్ పలకతో ఓపికగా గీకితే వదిలింది. వెనుక అద్దాన్ని తీయవలసిన అవసరం లేకపోయినా, ఊదా మచ్చలు భరించలేక అక్కడా మొదలుపెట్టి, తొందరలో బ్లేడు వాడాను. ఆవిరిని తొలగించడానికి అద్దం లోపలి వైపు ఉండే సన్నని డీఫాగర్ గీతల్లో ఒకటి తెగిపోయింది. ఇప్పటికీ చలి ఉదయాల్లో వెనుక అద్దమంతా తేటపడినా, రెండు వేళ్ల వెడల్పున ఒక్క పట్టీ మాత్రం మసకగానే ఉంటుంది. దయచేసి వెనుక అద్దం మీద బ్లేడు పెట్టకండి.

రెండవసారి ముందు పక్క అద్దాలకు 90 శాతం కాంతిని వదిలే సిరామిక్ ఫిల్మును, వెనుక తలుపుల అద్దాలకు అదే రకంలో 50 శాతం ఫిల్మును వేయించి, వెనుక పెద్ద అద్దాన్ని ఖాళీగా వదిలేశాను. ముందు అద్దాల లెక్క 71 దగ్గర తేలింది. మీటరులో కూడా అదే అంకె కనిపించింది.

ఇంత తేట ఫిల్మ్ వేడిని ఏం ఆపుతుందన్న సందేహం నాకూ ఉండేది. సూర్యుడి నుంచి భూమిని చేరే శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. నలుపుదనం ఆపేది ప్రధానంగా కంటికి కనిపించే కాంతిని. సిరామిక్ రేణువులు ఉన్న ఫిల్మ్ ఆ కాంతిని వదిలి, పరారుణంలో పెద్ద భాగాన్ని అడ్డుకుంటుంది. నా అనుభవంలో తేడా తెలిసేది ప్రయాణంలోనే. పక్కనుంచి ఎండ పడుతున్నప్పుడు మోచేతి మీద మునుపు అనిపించే చురుకు ఇప్పుడు లేదు, ఏసీని ఒక మెట్టు తగ్గించి నడపగలుగుతున్నాను. అయితే గంటల తరబడి ఎండలో నిలిపిన కారును ఏ ఫిల్మూ చల్లగా ఉంచలేదు. వేడెక్కడం కొంత ఆలస్యమవుతుందే తప్ప స్టీరింగ్ కాలక మానదు. ‘పరారుణం 99 శాతం ఆపుతుంది’ అనే ప్రకటనలను కూడా జాగ్రత్తగా చదవాలి. ఆ అంకెను తరచు ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర, లేదా ఇరుకైన పట్టీలో కొలిచి చెబుతారు. మొత్తం సౌరశక్తిలో ఎంత శాతాన్ని ఫిల్మ్ తిప్పికొడుతుందో చెప్పే అంకెను అడిగి తెలుసుకుంటేనే రెండు ఫిల్ములను న్యాయంగా పోల్చవచ్చు.

చర్మం సంగతికి వస్తే, ముందు పెద్ద అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో తయారవుతుంది కనుక అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. చాలా కార్లలో పక్క అద్దాలు ఒకే పలక గాజు. అవి అతినీలలోహితంలోని ‘ఎ’ రకాన్ని గణనీయంగా లోపలికి రానిస్తాయి. మంచి తేట ఫిల్మ్ ఆ కిరణాల్లో 99 శాతం వరకు ఆపుతుంది. దీనికి నలుపుతో పని లేదు.

నలుపు వల్ల జరిగే నష్టం నాకు రాత్రి వానలో తెలిసింది. మొదటి ఫిల్మ్ ఉన్న రోజుల్లో ఒక పక్క వీధిలోకి మలుపు తిరుగుతూ ముదురు గొడుగు పట్టుకున్న ఒక మనిషిని దాదాపు చివరి క్షణం వరకు చూడలేదు. ఆ మనిషి ముందు అద్దంలో లేడు, పక్క అద్దంలో ఉన్నాడు. బ్రేకు పడింది, ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ మలుపును నేను మరచిపోలేదు. 79 శాతం వచ్చే చోట 39 శాతం రావడం అంటే మధ్యాహ్నం పూట హాయిగా అనిపించే తేడా. వీధి దీపం కూడా సరిగా లేని చోట అది ఉన్న వెలుగులో సగాన్ని పోగొట్టుకోవడం. సైడ్ మిర్రర్‌ను కూడా మనం ఆ అద్దం గుండానే చూస్తాం. ముందు వరుసకు కఠినంగా, వెనుక వరుసకు సడలింపుగా చాలా దేశాల చట్టాలు ఉండడానికి కారణం ఇదేనని నాకు ఆ రాత్రి అర్థమైంది. దగ్గరికి వచ్చే అధికారికి లోపలి మనుషులూ వారి చేతులూ కనబడాలన్నది రెండవ కారణం, అది కూడా సబబైనదే.

అంకెలు మాత్రం దేశానికొకటి. బ్రిటన్‌లో 1985 ఏప్రిల్ 1 నుంచి వాడుకలోకి వచ్చిన కార్లకు ముందు పెద్ద అద్దం 75 శాతం, ముందు పక్క అద్దాలు 70 శాతం కాంతిని వదలాలి. ఫ్రాన్స్ 2017 జనవరి 1 నుంచి ముందు అద్దాలకు 70 శాతాన్ని విధించి, ఉల్లంఘనకు 135 యూరోల జరిమానాతో పాటు లైసెన్సు నుంచి 3 పాయింట్ల కోతను జోడించింది. అమెరికాలో రాష్ట్రం దాటితే చట్టం మారుతుంది: న్యూయార్క్‌లో 70, ఫ్లోరిడాలో ముందు పక్కలకు 28, టెక్సస్‌లో 25. ఒక రాష్ట్రంలో చట్టబద్ధమైన కారు పక్క రాష్ట్రంలో నేరమవుతుంది. భారతదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ముందు, వెనుక పెద్ద అద్దాలకు 70, పక్క అద్దాలకు 50 శాతం అంటుంది. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు, ఆ శాతం అద్దానికే ఉండాలి తప్ప పైన ఎంత తేట ఫిల్మూ అతికించకూడదని తీర్పు చెప్పింది. ఆ తర్వాత నిబంధన సవరణకు గురికాగా, 2024లో కేరళ హైకోర్టు, ప్రమాణాలకు లోబడి అవే శాతాలను నిలిపే ఫిల్ములను వాడవచ్చని పేర్కొంది. కాబట్టి మీరు నడిపే చోట నేడు అమల్లో ఉన్న మాట ఏమిటో చూసుకోకుండా నా 71ని ఆధారంగా తీసుకోవద్దు.

అమలు విషయంలో నాకు నిజమైన ఫిర్యాదు ఉంది. మీటరుతో జరిగిన తనిఖీ నన్ను తప్పుపట్టినా నేను దాన్ని గౌరవిస్తాను. కంటిచూపుతో జరిగే తనిఖీని గౌరవించలేను. నా మిత్రుడి కారు వెనుక అద్దాలు కర్మాగారంలోనే గాజులో రంగు కలిపి చేసినవి. ఒక తనిఖీలో వాటిని ఫిల్మ్ అనుకొని ఊడదీయమన్నారు. ఆయన అంచు దగ్గర గోటితో గీకి, ఊడడానికి పొరే లేదని చూపించినా, తయారీ ముద్రను చూపించినా, గంటసేపు నిలబెట్టారు. మరోవైపు అదే రోడ్డు మీద ముందు అద్దాలు కూడా బొగ్గులా ఉన్న కార్లు ఆగకుండా వెళ్లిపోతుంటాయి. ఫ్లోరిడా వంటి చోట్ల నిబంధనకు విరుద్ధంగా అమ్మడమూ బిగించడమూ కూడా నేరమే. అటువంటి నియమం లేని, లేదా ఉన్నా పట్టించుకోని చోట, 50 అని చెప్పి అమ్మినవారికి ఏమీ కాదు, కొన్నవాడే రెండుసార్లు డబ్బు పోగొట్టుకుంటాడు. న్యూయార్క్ 2017 నుంచి వార్షిక తనిఖీలోనే అద్దాల కొలతను చేర్చింది. రోడ్డు మీద ఒకరిని ఆపి మరొకరిని వదిలే పద్ధతి కన్నా అది ఎంతో మేలని నా అభిప్రాయం.

నాలుగేళ్ల తర్వాత ఈ సిరామిక్ ఫిల్మ్ రంగు మారలేదు, బుడగ లేవలేదు. లోహపు పొర లేదు కనుక ఫోన్ సిగ్నల్‌కు, జీపీఎస్‌కు ఇబ్బంది రాలేదు. మొదటి రెండు మూడు వారాలు అక్కడక్కడ నీటి తడి మసకగా కనిపిస్తుంది, అది దానంతట అదే ఆరిపోతుంది; ఆ తొలి రోజుల్లో అద్దాలు దించకూడదు. అమ్మోనియా ఉన్న ద్రవాలతో తుడవకూడదు. నేను ఫిల్మ్ రసీదును, బిగించిన రోజు మీటరు చూపిన అంకెలు రాసిన కాగితాన్ని కారులోనే ఉంచుతాను. ఆ తర్వాత రెండుసార్లు ఆపినప్పుడు వాటిని చూసి, ఒకసారి కొలిచి, ఒకసారి కొలవకుండానే పంపించారు.

70కి ఒక్క శాతమే మిగులు ఉండడం తక్కువేనని ఒప్పుకుంటాను. కొన్ని చోట్ల మీటరు తేడాగా రెండు మూడు శాతం వదులుతారు, కానీ దాని మీద ఆధారపడకూడదు. గత నెల మళ్లీ కొలిపించినప్పుడు డ్రైవరు వైపు అద్దం 67 చూపించేసరికి నా గుండె జారింది. బిగింపుదారుడు ఏమీ మాట్లాడకుండా తడిగుడ్డతో రెండు వైపులా తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, మీటరును మళ్లీ అదే చోట దించాడు. 71 వచ్చింది. డ్రైవరు వైపు కింది మూలలో, అద్దం ఎక్కి దిగేటప్పుడు రబ్బరు రాసుకునే చోట, ఫిల్మ్ గోరంత లేచి ఉంది. అది పెరిగిన రోజున ఇదే రకం, ఇదే అంకెతో మళ్లీ వేయిస్తాను.